మాయారంభ పక్షాన

అప్సరసలూ గంధర్వులూ తిరిగే ప్రేమకథను ఇష్టపడడానికి చదువుకొన్నవారికి ఏదో ఒక సాకు కావాలి. తెలుగులో ఆ సాకును 1914లో కట్టమంచి రామలింగారెడ్డిగారు సమకూర్చిపెట్టారు. ఆ ఏడు వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'లో ఆయన పింగళి సూరన 'కళాపూర్ణోదయా'న్ని కథాకల్పన కోసం ఎంతగానో మెచ్చుకొన్నారు. పెద్దన వరూధినీ ప్రవరుల కథను మార్కండేయ పురాణం నుండి తెచ్చుకొన్నాడు. పదహారవ శతాబ్దిలోనే సూరన తన కథను తానే అల్లుకొన్నాడు. కేంబ్రిడ్జిలో చదివివచ్చిన విమర్శకునికి ఆ అల్లిక నచ్చడంలో వింత లేదు. తరువాతి పాఠకులకు అది పద్యరూపంలో ఉన్న నవల అయింది. షేక్స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'తో పోలిక కూడ మామూలయింది.

మెప్పు గొప్పదే. కాని ఆ మెప్పులో అల్లికకు దక్కినంత గౌరవం అప్సరసకు దక్కలేదు. కథ బిగువుగా ఉన్నది కనుక రంభను క్షమిద్దామన్న ధోరణి అది. నా అభిప్రాయం వేరు.

ద్వారకలో వేశ్యకన్య కలభాషిణి ఉయ్యాల ఊగుతూ, ఆకాశాన విమానంలో రంభతో పోతున్న నలకూబరుని చూసి మనసుపడుతుంది. నారదుని శిష్యుడు మణికంధరుడు తపస్సుకు కూర్చుంటే రంభ వచ్చి చెడగొడుతుంది. తీరా అతని కౌగిట ఆమె నోట వెలువడిన పేరు నలకూబరునిది! ఆ దెబ్బతో అతడు నలకూబరుని రూపు ధరిస్తాడు. అక్కడ కలభాషిణి రంభ రూపు పొందుతుంది. ఇద్దరు మాయవేషాలవారూ కలుసుకొంటారు. ఎదుటివారు అసలువారేనని ఇద్దరి నమ్మకమూ. మనుచరిత్రలో గంధర్వుడు మోసగాడు, వరూధిని మోసపోయినది, అంతే. ఇక్కడ మోసపోయినదెవరు? ప్రేమించినది రూపాన్నా, మనిషినా? అసలు రంభ వచ్చి ఎదుట నిలిచేసరికి ఈ ప్రశ్న ఇంకా ముదురుతుంది. రూపాలు మార్చే ఆ మాయ లేకపోతే సూరనకు ఈ ప్రశ్న వేసే దారే లేదు. తికమక అని పుస్తకం మూసేసేవారు సరిగ్గా ఇక్కడే మూసేస్తారు, అదే విచారం.

ఈ కథకు తొలి స్పందన కావ్యంలోనే ఉన్నది. బ్రహ్మ చెప్పిన కళాపూర్ణుని కథ విన్న సరస్వతి, అందులో మారువేషం వేసుకొన్నది తమ ఏకాంతమేనని పసిగట్టేస్తుంది. అంత చురుకైన పాఠకురాలు సూరనకు మళ్ళీ దొరికిందో లేదో! వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో 'ద సౌండ్ ఆఫ్ ద కిస్' పేరిట ఆంగ్లీకరించినపుడు, ఎన్నడూ చెప్పరాని కథ అన్న అర్థం వచ్చే ఉపశీర్షిక చేర్చారు. వారూ దానిని నవల అనే అన్నారు. నవలే కానివ్వండి, అప్సరసలున్న నవల అనడానికి మొహమాటం ఎందుకు?

మా ములకలపల్లి అడవిపట్టున ఆ మొహమాటం నాకు కనబడదు. సమ్మక్క కోయదొరలకు అడవిలో దొరికిన పసిబిడ్డ అనీ, పోరు ముగిశాక చిలకలగుట్టపై కుంకుమభరిణెగా మిగిలిందనీ చెప్పుకొనే జనం మేడారం జాతరకు సాగిపోతారు. మనిషికీ దేవతకూ నడుమ గీత ఎక్కడ గీశారని వారినెవరూ అడగరు. సూరన కావ్యాన్ని కూడ అలాగే, గీత సంగతి ఎత్తకుండా చదివి చూడండి.

ఒక్క సంగతి మాత్రం గమనించవలసినది. మణికంధరుడు మరుజన్మలో కళాపూర్ణుడు. కలభాషిణి మధురలాలస. పసిపాపగా ఉండగానే అతని మణిహారం సోకి ఆమెకు గతజన్మ గుర్తుకు వస్తుంది, మాటలూ వస్తాయి. అసలు రంభా నలకూబరులు తమ విమానంలో తాము పోయారు. కవి పెళ్ళి చేసినది మాయజంటకు.