టోల్కీన్ గాథాచక్రంలో దేవతలు, మంత్రశక్తి: ఒక సిద్ధాంత పరిణామ చరిత్ర

కల్పితలోకాన్ని నిర్మించే రచయిత అక్కడి దేవతలను, మంత్రశక్తిని గూర్చి ముందే సిద్ధాంతం ఏర్పరచుకొని కథ రాస్తాడా, కథ నడిచిన తరవాత సిద్ధాంతం పుడుతుందా అన్నది అద్భుత సాహిత్య విమర్శలో మౌలికమైన ప్రశ్న. జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) విషయంలో దీనికి సమాధానం వెదకడానికి తగిన ఆధారాలు సమృద్ధిగా ఉన్నాయి. 'ది హాబిట్' (1937), 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) ఆయన జీవితకాలంలోనే వెలువడ్డాయి. సృష్టిగాథలు 'ది సిల్మరిలియన్' పేరుతో 1977లోను, చిత్తుప్రతులు పన్నెండు సంపుటాలుగా 1983–1996 మధ్యను కుమారుడు క్రిస్టఫర్ సంపాదకత్వంలో వచ్చాయి. ఎంపిక చేసిన లేఖలు 1981లో అచ్చయ్యాయి. వీటిని రచనాకాలం వారీగా పరిశీలిస్తే సిద్ధాంతం క్రమంగా రూపుదిద్దుకొన్న తీరు స్పష్టమవుతుంది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆరంభమైన 'ది బుక్ ఆఫ్ లాస్ట్ టేల్స్'లో వలార్‌లను టోల్కీన్ సంకోచం లేకుండా దేవతలనే పేర్కొన్నాడు. ప్రాచీన ఉత్తర ఐరోపా పురాణాలలోని దేవతల వలె వారికి సంతానం ఉంది. వారి అధిపతి మాన్వేకు ఫియోన్వే అనే కుమారుడున్నాడు. తరవాతి రచనలలో వలార్‌ల సంతానమనే భావన తొలగిపోయింది. ఫియోన్వే స్థానంలో ఎయోన్వే వచ్చాడు. అతడు మాన్వేకు కుమారుడు కాడు, వార్తాహరుడు మాత్రమే. పేరులో జరిగిన ఈ చిన్న మార్పు వెనుక పెద్ద తాత్త్విక నిర్ణయం ఉంది. దేవతలు ఒక కుటుంబంగా ఉండే స్థితి పోయి, ఏకైక సృష్టికర్త ఎరూకు లోబడిన అధికారులయ్యారు.

సృష్టిగాథలోనూ ఇదే దిశ కనిపిస్తుంది. ఐనూర్‌ల గానం నుండి లోకం రూపొందడం మొదటి ప్రతిలోనూ ఉన్నదే. తుదిరూపంలో ఆ గానం ముందు ఒక దర్శనంగా మాత్రమే వారికి కనబడి, అంతలోనే మరుగవుతుంది; ఎరూ పలికిన మాటతోనే లోకానికి ఉనికి కలుగుతుంది. రూపకల్పన దేవతలది, అస్తిత్వప్రదానం సృష్టికర్తది అనే విభజన దీనివల్ల మరింత దృఢమయింది. ప్రచురణకర్త మిల్టన్ వాల్డ్‌మన్‌కు 1951లో రాసిన సుదీర్ఘ లేఖలో టోల్కీన్ దీనిని సిద్ధాంతరూపంలో వివరించాడు. పురాణాలలో దేవతలు నిర్వహించే పాత్రనే వలార్‌లు నిర్వహిస్తారనీ, అయినా ఆ కల్పన క్రైస్తవ విశ్వాసికి ఆమోదయోగ్యంగానే ఉంటుందనీ అందులోని సారాంశం.

మంత్రశక్తి విషయంలో సిద్ధాంతీకరణకు కథే ప్రేరకమయింది. గలాడ్రియెల్ తన దర్పణాన్ని చూపుతూ, హాబిట్లు మంత్రమనే మాటను దేనికి వాడుతున్నారో తనకు సరిగా బోధపడదనీ, శత్రువు వంచనకూ వారు అదే మాట వాడుతున్నారనీ అంటుంది. వాల్డ్‌మన్ లేఖలో ఈ భేదమే కళకూ ఆధిపత్యానికీ మధ్య భేదంగా పరిణమించింది. 1954లో రచయిత్రి నయోమీ మిచిసన్‌కు రాసిన లేఖ చిత్తుప్రతిలో ఆయన మరొక అడుగు వేశాడు. భౌతికఫలితాన్నిచ్చే 'మాగియా', భ్రాంతిని కల్పించే 'గోయెతియా' అని శక్తిని రెండుగా విభజించాడు. ఈ రెండింటిలో ఏదీ స్వతహాగా మంచిది కాదు, చెడ్డది కాదు, ప్రయోజనమే నిర్ణాయకం. ఈ శక్తి జన్మసిద్ధమనీ, విద్యతోనో మంత్రోచ్చారణతోనో లభించేది కాదనీ ప్రతిపాదించాడు. కాని ఆ మాటల పక్కనే, నూమెనోర్ వాసులు ఖడ్గాల తయారీలో మంత్రాలు వాడారు కదా అన్న సందేహాన్నీ రాసుకొన్నాడు. ఈ భాగాన్ని ఆమెకు పంపిన లేఖలో చేర్చలేదు. కథ సిద్ధాంతానికి అడ్డుపడిన క్షణం ఆ అంచు రాతలో నిలిచి ఉంది.

ఓర్క్‌ల పుట్టుక ఇంతకంటె జటిలమైన సమస్య. చెడుకు సృష్టించే శక్తి లేదు, వికృతం చేసే శక్తి మాత్రమే ఉంది అన్న నియమం స్థిరపడగానే, ఓర్క్‌లు దేని వికృతరూపమన్న ప్రశ్న తప్పలేదు. వికృతులైన ఎల్ఫ్‌లన్న వివరణ 1977 గ్రంథంలో ఉన్నా, చివరి దశలో ఆయన ఇతర ప్రత్యామ్నాయాలను పరిశీలిస్తూనే వచ్చాడు. హతమార్చదగిన శత్రువులుగా కథ చూపిన వారికి ఆత్మ ఉన్నదా అన్న నైతికప్రశ్న ఇందులో ఇమిడి ఉంది.

ఈ చరిత్రను విస్మరించి, వివిధ దశల వాక్యాలను ఒకే శాస్త్రగ్రంథంలోని సూత్రాలుగా కూర్చి చదవడం పొరపాటు. తెలుగు విమర్శకుడికి మరొక జాగ్రత్త అవసరం. పరబ్రహ్మం, దేవతలు అన్న పరిభాష ఎరూకూ వలార్‌లకూ తేలికగా అతుకుతుంది. కాని యజ్ఞంతో తృప్తిపడి వరాలిచ్చే దేవతలు కారు వలార్‌లు. ఉపాసనతో మంత్రసిద్ధి పొందే సాధకుని భావన కూడా టోల్కీన్ చెప్పిన జన్మసిద్ధ శక్తికి విరుద్ధమైనది. అందువల్ల సామ్యం కంటె భేదమే ఇక్కడ ఎక్కువ బోధిస్తుంది. టోల్కీన్ దేవతా సిద్ధాంతం కథకు పునాదిగా వేసిన రాయి కాదు. కథ లేవనెత్తిన ప్రశ్నలకు దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆయన ఇచ్చుకొంటూ, దిద్దుకొంటూ వచ్చిన సమాధానం.