టోపీ సూది నుంచి పిన్నీసు దాకా

అమ్మ పుస్తెలతాడుకి ఎప్పుడూ రెండు మూడు పిన్నీసులు వేలాడుతుండేవి. చెప్పు తెగినా, పిల్లల లాగు బొత్తాం ఊడినా, కాల్లో ముల్లు విరిగినా అమ్మ చెయ్యి ముందు మెడ దగ్గరికే వెళ్లేది. ఆ పిన్నీసుకి ఇంకో పని కూడా ఉందని నేను కాలేజీలో చేరిన రోజున తెలిసింది. సిటీ బస్సెక్కే ముందు అమ్మ ఒకటి విప్పి నా చేతిలో పెట్టి, "సంచిలో వేసుకోకు, వేళ్ల మధ్య పట్టుకో" అంది. ఎందుకని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. బస్సు రెండు స్టాపులు దాటేసరికి అర్థమైంది.

ఈ విద్యని ఏ బడిలోనూ నేర్పరు. అమ్మ కూతురికి, అక్క చెల్లెలికి, హాస్టల్లో సీనియర్ జూనియర్‌కి చెప్పుకుంటూ వస్తారు. ఇది మన బస్సుల్లోనే పుట్టిందని చాలాకాలం అనుకున్నాను. నూట ఇరవై ఏళ్ల కిందట న్యూయార్క్ బండ్లలో, షికాగో ట్రాముల్లో కూడా ఆడవాళ్లు ఇలాగే సూది పట్టుకుని కూర్చున్నారని తర్వాతెప్పుడో చదివాను. ఇంటి నుంచి బయటికి అడుగుపెట్టేటప్పుడు చేతిలో ఏం ఉండాలన్న ప్రశ్న ఎంత పాతదో అప్పుడు తెలిసింది.

ఫిఫ్త్ అవెన్యూ బండిలో

1903 మే 28, మధ్యాహ్నం. కాన్సాస్ నుంచి ఊరు చూడటానికి వచ్చిన లియోటీ బ్లేకర్ అనే యువతి న్యూయార్క్‌లో 23వ వీధి దగ్గర ఫిఫ్త్ అవెన్యూ గుర్రపు బండి ఎక్కింది. బండి కిక్కిరిసి ఉంది. పక్కన కూర్చున్నది వయసు మళ్లిన మనిషి, మంచి బట్టల్లో ఉన్నాడు, చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడు. బండి కుదుపు ఇచ్చినప్పుడల్లా కాస్త దగ్గరికి జరిగాడు. ఆమె పక్కకి తప్పుకుంది. కాసేపటికి అతని చెయ్యి ఆమె వీపు మీదికి వచ్చింది. ఆమె తలమీది టోపీలోంచి దాదాపు అడుగు పొడవున్న సూది లాగి అతని చేతిలోకి దించింది. అతను కేకపెట్టి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

ఆ రోజుల్లో టోపీ సూది లేని ఆడమనిషి అక్కడ కనపడేది కాదు. జుట్టు ఎత్తుగా చుట్టి, దాని మీద బండిచక్రమంత టోపీ పెట్టేవాళ్లు. అది గాలికి ఎగిరిపోకుండా టోపీలోంచి, జుట్టులోంచి సూది దూర్చి అవతలి వైపుకి తీసేవాళ్లు. టోపీ పెద్దదవుతున్నకొద్దీ సూదీ పొడుగు సాగింది. అదే సమయంలో ఆడవాళ్లు ఆఫీసులకి, దుకాణాలకి, ఫ్యాక్టరీలకి పనికి వెళ్లడం పెరిగింది. తోడు లేకుండా ట్రామెక్కేవాళ్లు, సాయంత్రం ఒంటరిగా ఇంటికి నడిచేవాళ్లు. వాళ్ల వెంటపడేవాళ్లని అప్పటి అమెరికా పత్రికలు 'మేషర్లు' అనేవి. మన మాటలో పోకిరీలు. ఆ పోకిరీని తలమీది సూదితో ఎదిరించిన ఆడవాళ్ల కథలు పత్రికల్లో వరసగా వచ్చాయి.

9 అంగుళాల చట్టం

అప్పుడు నగరాలు చేసిన పని ఏమిటి? సూదిని కొలిచాయి.

1910లో షికాగో నగర సభ 9 అంగుళాలకు మించిన టోపీ సూదుల్ని నిషేధించింది. పెట్టుకుంటే 50 డాలర్ల దాకా జరిమానా. తీర్మానానికి 68 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. నిషేధం కోరినవాళ్ల ఫిర్యాదులో కొంత నిజముంది. ఇరుకు ట్రాముల్లో పక్కవాళ్ల చెంపలు గీరుకుపోయేవి, కళ్లకీ ప్రమాదం ఉండేది. అయినా ఆడవాళ్ల తరఫున మాట్లాడిన ఒకామె అడిగిన మాట ఈనాటికీ పదునుగానే ఉంది. మా సూదులు తీసేయాలంటే ముందు వీధుల్ని మాకు భద్రంగా చేసి చూపించండి, మేం ఎలా ముస్తాబు కావాలో ఏం వేసుకోవాలో చెప్పే హక్కు ఏ మగవాడికీ లేదు అని ఆమె వాదం. చట్టం మాత్రం వచ్చేసింది. అమెరికాలోని మరికొన్ని నగరాలూ అదే బాట పట్టాయి. 1912లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 60 మంది ఆడవాళ్లు సూదుల జరిమానా కట్టేది లేదని జైలుకే వెళ్లారు.

చివరికి ఈ తగవు తీర్చింది ఫ్యాషన్. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి జుట్టు పొట్టిదైంది, టోపీ చిన్నదై తలకి అతుక్కుపోయింది. పెద్ద సూదికి పని లేకుండా పోయింది. పోకిరీలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ట్రాములో చేయి వేసినవాడి గురించి కంటే ఆ చేతిని పొడిచిన సూది పొడవు గురించి ఎక్కువ చర్చ జరగడమే ఆ దశాబ్దంలో నన్ను బాధపెట్టే విషయం.

మద్రాసు రైల్వే అధికారి కొడుకు కర్రసాము

మగవాళ్ల చేతిలో అప్పటికి కర్ర ఉంది. మన దగ్గర కర్రున్నవాడిదే బర్రె అన్నారు. మందల వెంట నడిచేవాడికి, రాత్రిపూట నీళ్లు కట్టడానికి పొలం పోయేవాడికి కర్ర మూడో కాలు. నేల మీద తాటించుకుంటూ పోతే పాము తప్పుకుంటుంది, కుక్క మీదికి రాదు, మనిషి కూడా ఓసారి ఆలోచిస్తాడు. అదే కర్రని ఆటగా, విద్యగా మలిచింది మన కర్రసాము.

లండన్ దొరల చేతికర్రని ఆత్మరక్షణ విద్యగా పేరుకెక్కించిన ఎడ్వర్డ్ విలియం బార్టన్-రైట్ పుట్టింది మన దేశంలోనే. 1860లో బెంగళూరులో పుట్టాడు. తండ్రి మద్రాసు రైల్వేలో ఇంజిన్ల విభాగానికి పెద్ద అధికారి. కొడుకు జపాన్‌లో కొన్నేళ్లు పనిచేసి, జుజుత్సు అనే అక్కడి పోరాట విద్య నేర్చుకుని, 1898లో లండన్ చేరాడు. జుజుత్సుకి బాక్సింగ్‌ని, స్విట్జర్లాండ్‌కి చెందిన పియర్ వీనీ కర్ర పద్ధతిని కలిపి 'బార్టిట్సు' అని పేరు పెట్టాడు. షెర్లాక్ హోమ్స్ కథలో కోనన్ డాయిల్ కాస్త తప్పు స్పెల్లింగ్‌తో రాసిన విద్య ఇదే. వీధిలో నడిచేవాడి చేతిలో రోజూ ఉండే వస్తువే అతనికి కాపలా కావాలన్నది బార్టన్-రైట్ ఆలోచన. ఆ కర్ర మళ్లీ మన దేశానికి తిరిగొచ్చింది. భారత పోలీసు శాఖలో అధికారిగా ఉన్న హెచ్.జి. లాంగ్ ఆ పద్ధతి మీద రాసిన పుస్తకం 1923లో అచ్చయింది.

లండన్ ఆడవాళ్లకి కూడా ఈ గాలి సోకింది. ఓటు హక్కు కోసం పోరాడుతున్న మహిళలకి ఎడిత్ గారుడ్ జుజుత్సు నేర్పింది. ఆమె ఎత్తు ఐదడుగులు కూడా లేదు. 1913లో ఆ పోరాట నాయకురాలు ఎమ్మెలైన్ పాంక్‌హర్స్ట్‌ని పోలీసుల నుంచి కాపాడటానికి ఏర్పడిన అంగరక్షక దళం ఆమె శిష్యురాళ్లదే. వాళ్లు గౌన్ల లోపల నడుముకి దాచుకున్నవి ఏమిటో తెలుసా? 'ఇండియన్ క్లబ్బులు'. మన తాలింఖానాల్లో పహిల్వాన్లు తిప్పే ముద్గరాలని చూసి బ్రిటిష్ సైనికాధికారులు తమ దేశానికి తీసుకెళ్లిన వ్యాయామ సాధనాలు అవి. మన గోదాలో కండ పెంచిన కొయ్య, లండన్ వీధిలో ఓటు అడిగే ఆడదాని గౌను కింద చేరింది.

పంజాబు అమ్మాయి విసిరిన పుస్తకం

మన దేశంలో ఈ ప్రశ్న అచ్చులోకి వచ్చిన సందర్భాల్లో నాకు మరపురానిది 1938 డిసెంబరు చివర్లో గాంధీజీ 'హరిజన్'లో రాసిన వ్యాసం. పంజాబు కాలేజీ అమ్మాయి ఒకామె ఆయనకి ఉత్తరం రాసింది. దారిలో కుర్రాళ్లు వెంటపడుతున్నారు, ఒంటరిగా నడవలేకపోతున్నాం, అహింస పాటించే అమ్మాయి ఏం చెయ్యాలి అని అడిగింది. తనకి జరిగిన సంగతీ చెప్పింది. చలికాలం, చీకటి వేళ. సైకిల్ మీద ఒకడు పదే పదే చుట్టూ తిరుగుతూ మీదికి వస్తున్నాడు. ఆమె ధైర్యం కూడగట్టుకుని, చేతిలో ఉన్న పెద్ద పుస్తకాన్ని సైకిల్ మీదికి విసిరి గట్టిగా గద్దించింది. వాడు తూలి, నిలదొక్కుకుని, పారిపోయాడు.

చదువుకోవడానికి బయల్దేరిన పిల్ల చేతిలో పుస్తకం తప్ప మరేం ఉంటుంది? నాకు తెలిసిన ఆయుధాల్లో అంత గౌరవమైనది ఇంకొకటి లేదు.

గాంధీజీ జవాబులో మంచి సలహా ఉంది. ఇలాంటివాళ్ల పేర్లు దాచిపెట్టకుండా బయటపెట్టాలన్నారు. దాంతోపాటు ఆధునిక యువతి చూపుల కోసమే ముస్తాబవుతుందన్న అర్థం వచ్చే మాట కూడా ఆ వ్యాసంలో పడింది. కలకత్తా నుంచి 11 మంది అమ్మాయిలు దానికి అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాశారు. 1939 ఫిబ్రవరిలో ఆయన దానికీ బదులిచ్చారు. 1942కి వచ్చేసరికి, దాడి జరిగినప్పుడు హింసా అహింసా అని ఆలోచించాల్సిన పని లేదని, గోళ్లతో పళ్లతో అయినా తనను తాను కాపాడుకోవడమే స్త్రీ మొదటి కర్తవ్యమని రాశారు. ఆ మార్పు వెనక ఆ ఆడపిల్లల ఉత్తరాల బలం కూడా ఉందని నా నమ్మకం.

కారప్పొడి, స్ప్రే డబ్బా

తెలంగాణ సాయుధ పోరాటంలో మన ఆడవాళ్లు చాలామంది తుపాకీ కోసం ఎదురుచూడలేదు. వంటింట్లోంచి కారం, వాకిట్లోంచి రోకలి, చేనులోంచి వడిసెల తీశారు. పిట్టల్ని తోలే వడిసెలతో దొర మనుషుల్ని తోలారు. ఈనాటి పెప్పర్ స్ప్రేలో మంట పుట్టించేది కూడా ఆ మిరపకాయలోని కాప్సైసిన్ అనే పదార్థమే. ఇలాంటి చేతి స్ప్రే మొదట అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1965లో వచ్చింది. అలన్ లిట్‌మన్ తన భార్యతో పనిచేసే టీచరు దారిదోపిడీకి గురయ్యాక, పర్సులో పట్టేలా 'మేస్' తయారుచేశాడు. అందులో మిరప లేదు, బాష్పవాయువు రసాయనం ఉంది. మిరప తర్వాత వచ్చి దాని చోటు ఆక్రమించింది.

ఇక పిన్నీసు కథ. అప్పులో ఉన్న వాల్టర్ హంట్ అనే అమెరికన్ ఒక తీగ ముక్కని వంచుతూ వంచుతూ దాన్ని కనిపెట్టాడు. 1849 ఏప్రిల్ 10న పేటెంటు వచ్చింది. 15 డాలర్ల బాకీ తీర్చడానికి ఆ హక్కుని 400 డాలర్లకి అమ్మేశాడు. వేలికి గుచ్చుకోకుండా మొనకి మూత పెట్టడమే అతని తెలివి. ఆ మూతని విప్పి పట్టుకోవాల్సిన అవసరం మన ఆడపిల్లలకి వచ్చింది.

చేతిలో ఏం ఉండాలి?

ఇంత చరిత్రా చదివాక నాకు మిగిలిన పాఠాలు కొన్నే. మొదటిది అమ్మ చెప్పిందే: సంచి అడుగున ఉన్నది లేనట్టే. బ్లేకర్ సూది తలమీద ఉంది, పంజాబు అమ్మాయి పుస్తకం చేతిలో ఉంది, అందుకే పనికొచ్చాయి. రెండోది, లాక్కుంటే మనకే తిరగబడే వస్తువు వద్దు. కత్తి కంటే ఈల మేలు. స్ప్రే కొంటే గాలి ఎటు వీస్తోందో చూడాలి, గడువు తేదీ చూడాలి, ఆరుబయట ఒకసారి నొక్కి చూసుకోవాలి. తెల్లవారుజామున నడకకి వెళ్లేవాళ్లకి మంచి కర్ర, టార్చి ఈనాటికీ పాతబడలేదు. మూడోది, ఏది పట్టుకున్నా దాని పని గెలవడం కాదు, తప్పించుకోవడానికి రెండు క్షణాలు సంపాదించడం. ఆ తర్వాత అరవాలి, జనంలోకి పరుగెత్తాలి, 112కి ఫోన్ చెయ్యాలి.

చట్టం ఈ విషయంలో మనవైపే ఉంది, ఒక గీత గీసి. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. అత్యాచార యత్నం, అపహరణ, యాసిడ్ దాడి లాంటివి ఎదురైనప్పుడు ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం దాకా పోతుంది. మామూలుగా మాత్రం కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే. మాటామాటా పెరిగినచోట స్ప్రే కొడితే కేసు మన మీదికే వస్తుంది. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో పెప్పర్ స్ప్రేని ప్రమాదకరమైన ఆయుధమనే అంది. వెంటపడటం, తాకడం, అసభ్యంగా మాట్లాడటం వేరువేరు నేరాలుగా చట్టంలో ఉన్నాయి. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మామూలు బట్టల్లో బస్టాపుల దగ్గర నిలబడి పోకిరీలని పట్టుకోవడం మొదలుపెట్టాయి. ఆనాడు షికాగోలో సూదుల తరఫున మాట్లాడినామె అడిగింది ఇలాంటి కాపలానే. సూదిని వదిలి చేతిని పట్టుకోవడం ఎలాగో నగరాలకి తెలియడానికి వందేళ్లు పైన పట్టింది.

మొన్న మా అమ్మాయి కాలేజీకి బయల్దేరుతుంటే నా చెయ్యి నాకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. ఒక పిన్నీసు తీసి ఇచ్చాను. అమ్మ చెప్పిన మాటే చెప్పాను. అది ఎందుకో అడిగింది. అమ్మలా ఊరుకోలేదు నేను, కూర్చోబెట్టి అంతా చెప్పాను. విని, పిన్నీసు తీసుకుని, చున్నీ జారకుండా భుజం మీద పెట్టుకుంది. "ఇవాళ దీని పని ఇదే కావాలమ్మా" అంది.

సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు అది ఇంకా భుజం మీదే ఉంది. మూత వేసే ఉంది.