ఆపదలో దేవుని కాపుదల: బాపట్ల తీరంలో మన ఎరుకల జాతి అనుభవం

మన ఎరుకల పెద్దలు రెండు రకాల ఆపదలను చూశారు. ఒకటి మనుషులు రాసిన చట్టం తెచ్చింది. రెండోది సముద్రం మీదుగా వచ్చింది. రెండింటిలోనూ వారు దేవుణ్ణే నమ్ముకున్నారు. పిట్టలవానిపాలెం, బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతాల్లో పెరుగుతున్న మన యువతకు ఈ రెండు చరిత్రలూ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. "దేవుడే చూసుకుంటాడు" అనే మాటను మన పెద్దలు తేలిగ్గా అనలేదు. దాని అర్థాన్ని మనమూ తేలిగ్గా తీసుకోకూడదు.

చట్టం తెచ్చిన ఆపద

మన పూర్వీకులు ఒకప్పుడు తీరం నుంచి ఉప్పును, లోపలి ఊళ్ళ నుంచి ధాన్యాన్ని పశువుల మీద మోసి అమ్ముకునేవారు. ఉప్పు ఎరుకల అనే పేరు అలా వచ్చిందే. దబ్బ ఎరుకలవారు వెదురు దబ్బలతో బుట్టలు అల్లేవారు. కుంచె ఎరుకలవారు సాలెవారికి కుంచెలు కట్టేవారు. మన ఆడవాళ్ళు ఇంటింటికీ తిరిగి ఎరుక చెప్పేవారు. కష్టంలో ఉన్న ఇల్లాలి చెయ్యి పట్టుకుని, దేవతలను తలచుకుని ధైర్యం చెప్పడం వారి వృత్తి. ఇతరుల ఆపదలో దేవుణ్ణి పిలిచే పని మన జాతిది.

తెల్లదొరల కాలంలో ఉప్పు మీద పన్ను, రైలు మార్గాలు వచ్చి ఆ సంచార వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోయిన వాళ్ళను ప్రభుత్వం అనుమానంతో చూసింది. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తప్పు చేసినవాడిని కాక, పుట్టిన కులాన్నే దోషిగా నిలబెట్టిన చట్టం అది.

ఆ చట్టం కిందనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపే బాధ్యత క్రైస్తవ సంస్థ అయిన సాల్వేషన్ ఆర్మీకి, అంటే రక్షణ సైన్యానికి అప్పగించారు. అక్కడి మనవాళ్ళు హాజరు పలకాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పోయినా ఆ నిఘా కిందనే పోవాలి.

ఇక్కడొక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. మనవాళ్ళకు ప్రార్థన నేర్పిన సంస్థే వాళ్ళ హాజరు కూడా తీసుకుంది. అయినా హాజరు పట్టీ పోయిన తరువాత కూడా ప్రార్థన నిలిచింది. ఆ విశ్వాసాన్ని మనవాళ్ళు తమదిగా చేసుకున్నారు. కొందరు చర్చిలో మోకరించారు. మరికొందరు తాతల నాటి అమ్మవార్లనూ, మన మండలంలోని చందోలు బండ్లమ్మ తల్లినీ కొలుస్తూనే ఉన్నారు. లోకం దొంగ అని పిలిచినప్పుడు, తమ నిజం ఎరిగినవాడు ఒకడున్నాడన్న నమ్మకం మనిషిని నిలబెడుతుంది.

అయితే ఆ చట్టం దానంతటదే పోలేదు. నెల్లూరు యానాదుల కోసం జీవితాన్ని ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు దాని రద్దు కోసం పాటుపడ్డారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో అది రద్దయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. అందుకే ఆ తేదీని నేటికీ విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం.

సముద్రం తెచ్చిన ఆపద

1977 నవంబరు 19ని ఈ తీరం మరచిపోదు. ఆనాటి తుఫానుకు దివిసీమలో అయిదారు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి ఊళ్ళను ఊడ్చేసింది. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవారు దాదాపు 10,000 మంది. లక్షలాది మంది గూడు కోల్పోయారు. ముందు దెబ్బ తిన్నది ఎప్పటిలాగే గుడిసెల్లో ఉన్నవాళ్ళే.

ఆ తుఫానులో బాపట్ల పట్టణంలో జరిగిన ఒక సంగతి మనల్ని ఆలోచింపజేస్తుంది. ఇళ్ళు విడిచి ఒక చర్చిలో తలదాచుకున్న సుమారు వంద మంది, దాని గోడలు కూలి చనిపోయారు. వాళ్ళు నమ్మకం లేనివాళ్ళు కారు. దేవుని ఇంటికే పరుగెత్తారు.

మరి దేవుడు ఎందుకు కాపాడలేదు? ఈ ప్రశ్న అడగడం పాపం కాదు. 1755 నవంబరు 1న పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో భూకంపం వచ్చింది. అది సకల పరిశుద్ధుల పండుగ రోజు. జనంతో నిండి ఉన్న చర్చిలు కూలిపోయాయి. యూరప్‌లోని మేధావులు ఏళ్ళ తరబడి ఇదే ప్రశ్నను చర్చించారు. చనిపోయినవారి పాపమే కారణమని అప్పుడు కొందరు అన్నారు. ఇలాంటి మాటను మనం నమ్మకూడదు. పుట్టుకతోనే దోషి అన్న నిందను మోసిన జాతి మనది. చచ్చిపోయినవాడి మీద నేరం మోపడం ఎంత అన్యాయమో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు.

కాపుదల ఎవరి చేతులతో వస్తుంది?

1977లో హెచ్చరికలు వెలువడినా పల్లెలకు సరిగా చేరలేదు. చేరినా, పోవడానికి గట్టి భవనాలు లేవు. ఆ తరువాతే తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక ఏర్పాట్లు మెరుగుపరిచారు. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆసారి ముందుగానే ఆరు లక్షలకు పైగా జనాన్ని తరలించారు. అయినా వెయ్యికి కొంచెం తక్కువ మంది చనిపోయారు. ఆ దుఃఖం చిన్నది కాదు. కానీ 1977తో పోలిస్తే వేలాది ప్రాణాలు నిలిచాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు కూడా ముందస్తు తరలింపే మనల్ని ఆదుకుంది.

1977లో ప్రార్థించిన తల్లికీ, 1990లో ప్రార్థించిన తల్లికీ భక్తిలో తేడా లేదు. తేడా అంతా సమయానికి అందిన కబురులోనూ, గట్టి గోడలోనూ ఉంది. ఆ కబురు తెచ్చినవాడు, ఆ గోడ కట్టినవాడు కూడా దేవుని కాపుదలలో భాగమేనని మేము అనుకుంటున్నాం.

సాయం మనం అనుకోని వైపు నుంచి కూడా రావచ్చు. 1970ల్లో స్టూవర్టుపురంలో సంస్కరణకు పూనుకున్న హేమలతా లవణం మహాకవి జాషువా కుమార్తె. ఆమె భర్త లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. దేవుణ్ణి నమ్మని ఆ దంపతులు మన ఇళ్ళకు వచ్చి, మనల్ని మనుషులుగా చూశారు. మన పెద్దల ప్రార్థనకు జవాబు వారి రూపంలోనూ వచ్చిందనుకోవడంలో తప్పేముంది?

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈసారి నిజాంపట్నం హార్బరులో ప్రమాద సూచిక ఎగిరిందని తెలిసినప్పుడు ప్రార్థన చేయండి. చేసి, వెంటనే లేవండి. మీ పేటకు దగ్గరలో ఉన్న షెల్టరు ఏదో ఇప్పుడే తెలుసుకోండి. కుల ధ్రువపత్రం, రేషన్ కార్డు, చదువు కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. మేకలను, పందులను విడిచి రాలేమంటూ గుడిసెలో ఆగిపోయే అవ్వలను, తాతలను ఒప్పించి చెయ్యి పట్టుకుని తీసుకురండి. పాత గోడల కింద ఎవరినీ కూర్చోనివ్వకండి, అది గుడి అయినా, చర్చి అయినా.

నిఘా కిందా, ఉప్పెన ముందూ దేవుణ్ణి విడవని పెద్దల బిడ్డలం మనం. ఆ నమ్మకాన్ని నిలుపుకుందాం. పక్కవాడి ఆపదలో దేవుడు పంపిన మనిషిగా మనమే ముందు నిలుద్దాం.