అవ్వ అమ్మిన ఆర్మోనీ పెట్టె

పుత్తూరు పక్క పల్లె. మిట్టమధ్యాహ్నం. వడ్ల మూటల వెనక నుంచి అవ్వా, ఆమె మనవడూ ఏదో బరువు లాగుతుంటే మీరూ ఓ చెయ్యి వేస్తారు. గోనెపట్టా తీయగానే ఎలుకల కంపు గుప్పుమంటుంది. కాలితో తొక్కి వాయించే హార్మోనియం.

"ఆయప్ప పొయ్యినాక దీన్ని ముట్టినోళ్లే లేరప్పా," అంటుంది అవ్వ. ఆయప్పంటే ఆమె పెనిమిటి. ఎండాకాలమొస్తే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం నాటకాలకు వాయించిన మనిషి.

బేరానికి తొందరపడకండి. ముందు తొక్కుడు చెక్క మీద కాలు పెట్టండి. ఏ మెట్టూ నొక్కకుండానే ఎక్కడో ఒక స్వరం మూలుగుతోంది. మెట్టు కింది గాలిమూత సరిగా కూర్చోవడం లేదు, దాని తోలు పురుగు కొట్టేసింది. చిన్న రోగమే. తిత్తిలో గాలి నిలవకపోవడం కాస్త పెద్దది, అదీ నయమవుతుంది. భయపడాల్సింది రీడ్లు బిగించిన పలకకే. అది వంగిందంటే గాలి పక్క స్వరంలోకి పారుతుంది, ఇక ఆ పెట్టెను దేవుడే బాగుచేయాలి. మూత ఎత్తి టార్చి వేయండి. పలక సాపుగా ఉంది. ఇత్తడి రీడ్లు నల్లబడ్డాయి గానీ ఒక్కటీ విరగలేదు.

"ఎంతిస్తావు నాయనా?"

మీరు చెప్పినదానికి అవ్వ ఇంకో వెయ్యి కలపమంటుంది. కలపండి.

తిరుపతిలో మీ మిద్దె గదికి చేరాక అసలు పని మొదలు. తిత్తి మడతలు విప్పి, చీకిన తోలు తీసి, కొత్త మేకతోలు అతికించాలి. ఫెవికాల్ వద్దు. రేపు మళ్లీ విప్పాలంటే చెక్కే ఊడొస్తుంది. వడ్రంగులు కాచే వజ్రం బంక వేడి తగిలితే వదులుతుంది. అమెరికాలో పాత ప్లేయర్ పియానోలు కొనేవాళ్ల తిప్పలూ ఇవే. చిల్లుల కాగితపు చుట్టను చదివి పియానోను మోగించే గాలి కూడా కాలితో తొక్కితేనే పుడుతుంది. అక్కడా మొదట చచ్చేది తిత్తి గుడ్డా, రబ్బరు గొట్టాలూ.

ఇప్పుడు శ్రుతి. ఇత్తడి నాలుక కొసన గీకితే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. నాలుక కింద పలచని రేకు దూర్చి, వెంట్రుకవాసి గీకి, ఆగండి. వేలి వేడి తగిలిన ఇత్తడి అబద్ధం చెబుతుంది, చల్లారాకే వినాలి. ఒక్కో మెట్టుకు రెండు రీడ్లు. రెండూ కలిసి పలికినప్పుడు వచ్చే అలలు నెమ్మదించి, నెమ్మదించి, ఆగాలి. నలుపు పోవాలని మెరిసేలా తోమేవాళ్లున్నారు. నాకు నచ్చదు. దుమ్ము దులిపితే చాలు, ఆయప్ప విన్న గొంతు అదే.

ఇంతకీ 1842లో పారిస్‌లో డెబేన్ అనే ఆయన పేటెంటు తీసుకున్న పెట్టె ఇది. గమకం పలకదన్న నేరానికి 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో దీన్ని గడప తొక్కనివ్వలేదు. 1919లో మన మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన రవీంద్రుడు కూడా ఆ నిషేధం వైపే నిలిచాడు. ఫిర్యాదు నిజమే. కానీ గమకం గొంతులో ఉన్న భారతం వేషగాడు పెట్టెను అడిగేది తెల్లారేదాకా జారని శ్రుతి ఒక్కటే.

ఎండాకాలం రాత్రి. పదునెనిమిది దినాల భారతంలో ఒక నాటకం, మోగుతున్నది మీరు బాగుచేసిన పెట్టే. కిరీటం, భుజకీర్తులు కట్టిన దుర్యోధనుడు వెనక్కి తిరిగి, "అర శ్రుతి పెంచన్నా," అంటాడు. వాయించే కుర్రాడు వేళ్లు పక్క మెట్టుకు జరుపుతాడు. పద్యం పైకెక్కింది. జనం ఈలలు. మీ చెవి మాత్రం పంచమం మీదే. అక్కడొక రీడు ఆలస్యంగా లేస్తోంది, ఏదో నలుసు ఇరుక్కుంది. జేబులో స్క్రూడ్రైవరు తడుముకుంటూ మీరు లేవబోతే కుర్రాడు పెట్టె పక్కన అరచేత్తో ఒక్కటిచ్చాడు.

"కూర్చో అన్నా, ద్రౌపది వస్తాండాది!"