పంతులు లేని నలుగురు

మన పాత చదువుల మీద వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు రెండు రకాలు. తెల్లవాడు రాకముందు ఊరూరా బడి ఉండేది, అంతా వాడే నాశనం చేశాడు అనేది ఒకటి. అదంతా ఉత్తిదే, బెత్తం దెబ్బలూ బట్టీ తప్ప అక్కడేమీ లేదు అనేది రెండోది. తమాషా ఏంటంటే, ఈ రెండు జట్లకీ పనికొచ్చే ఉత్తరం ఒకటుంది. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మద్రాసుకి రాసింది. ఎవరికి కావాల్సిన సగం వాళ్ళు తీసుకుంటారు. నాకైతే ఆ గొడవ కన్నా వేరే విషయం ఆసక్తిగా అనిపించింది. బడికెళ్ళే పిల్లాడు ఎలా చదివితే చదువు బుర్రకెక్కుతుంది, ఎలా చదివితే ఎక్కదు అన్న రెండూ ఆ ఉత్తరంలో ఒకే బడిలో పక్కపక్కనే కనిపిస్తాయి.

కాంప్‌బెల్ అల్లాటప్పా కలెక్టరు కాదు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో తెలుగు నిఘంటువు అచ్చువేసిన మనిషి. 1822లో గవర్నరు మన్రో ప్రతి జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు అని లెక్కలడిగితే చాలామంది కలెక్టర్లు అంకెలు నింపి పంపేశారు. ఈయన మాత్రం బడి లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసే ఉండేది. మొత్తం 533 బడులు, అందులో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. పిల్లలు 6,641 మంది. జనాభా తొమ్మిది లక్షల పాతికవేల పైమాట. అంటే వెయ్యికి సుమారు ఏడుగురే బళ్ళో ఉన్నారు. ఆడపిల్లలు 60 మంది, జిల్లా మొత్తం మీద! స్వర్ణయుగం అనేవాళ్ళు ఈ లెక్క దాటేసి వెళ్ళిపోతారు. ఇంగ్లండు నూలుబట్టలు వచ్చిపడి నేతగాళ్ళ బతుకు దెబ్బతింది, జనం బీదవాళ్ళయ్యారు, ఒకప్పుడు బడి ఉన్న చాలా ఊళ్ళలో ఇప్పుడు లేదు అని అదే ఉత్తరంలో ఉంది. దాన్ని రెండోజట్టు వాళ్ళు దాటేస్తారు.

సరే, బడిలోకి వెళ్దాం. పిల్లాడికి ఐదో ఏడు రాగానే చేర్చేవారు. పొద్దున ఆరింటికే బడి. అందరికన్నా ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్ళకి ఒక్కోటీ పెరుగుతూ పోతుంది. లేటుగా వచ్చేవాళ్ళ మీద ఇంత పకడ్బందీ ఎస్కలేషన్ నేను ఏ కంపెనీ హెచ్.ఆర్. పాలసీలోనూ చూడలేదు :) గుంజిళ్ళు తీయించడం, దూలానికి వేలాడదీయడం కూడా ఉండేవి. వాటిని ఎవరూ వెనక్కి కోరుకోరనుకుంటాను.

తర్వాత పిల్లల్ని వాళ్ళకొచ్చినదాన్ని బట్టి నాలుగు తరగతులుగా విడగొట్టేవారు. పెద్ద తరగతుల్ని పంతులు చూసుకుంటే, చిన్నవాళ్ళని పెద్ద పిల్లలు చూసుకునేవారు. చిన్నవాళ్ళు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పలకా లేదు, కాగితమూ లేదు, తప్పొస్తే చెయ్యి అడ్డంగా తుడిస్తే చాలు. ఈ పద్ధతిని కాంప్‌బెల్ బాగా మెచ్చుకున్నాడు. ఆ మెప్పులో ఒక చిన్న ముక్క ఉంది, నాకు ఉత్తరం మొత్తంలో అదే ముఖ్యమనిపిస్తుంది: వచ్చినవాడు రానివాడికి చెప్పడం వల్ల రానివాడికి రావడమే కాదు, చెప్పేవాడికి తన చదువు గట్టిపడుతోందని.

సరిగ్గా దానికి రెండువందల ఏళ్ళ ముందు, 1623లో, పియెత్రో దెల్లా వాల్లే అనే ఇటలీ యాత్రికుడు కన్నడ దేశంలో ఇక్కేరి వైపు వెళ్తూ ఒక గుడి మండపంలో నలుగురు పిల్లల్ని చూశాడు. నలుగురూ ఒకే పాఠాన్ని రాగం తీసి పాడుతున్నారు, పాడుతూ నేల మీద పరిచిన సన్నటి ఇసుకలో వేలితో అంకెలు వేస్తున్నారు. ఇసుక నిండితే చెరిపి మళ్ళీ మొదలు. మధ్యలో పంతులు లేడు. తప్పొస్తే ఎవరు దిద్దుతారు అని ఈయన అడిగితే, మేమే ఒకళ్ళనొకళ్ళం దిద్దుకుంటాం, నలుగురికీ ఒకేచోట ఒకేసారి అడ్డు తగలదు కదా అని చెప్పారట. ఇవాళ కోడ్ రివ్యూ ఎందుకు అనడిగిన ఫ్రెషర్‌కి ఇంతకన్నా మంచి జవాబు నేను చెప్పలేను.

ఇది ఎందుకు పనిచేస్తుంది? ఎదుటివాడికి చెప్పాలంటే ముందు మన బుర్రలోంచి బయటికి తీయాలి. పుస్తకం చూస్తూ చదివినప్పుడు అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, మూసి చెప్పమంటే తెలుస్తుంది సంగతి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక జట్టు విద్యార్థులు పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకో జట్టు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే నాలుగుసార్లు చదివినవాళ్ళదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత తిరగబడింది. చదివినవాళ్ళకి 40 శాతం మిగిలితే, గుర్తుచేసుకున్నవాళ్ళకి 61. పరీక్ష ముందురోజు రాత్రి బట్టీ కొట్టడం ఎందుకు అంత నమ్మకంగా అనిపిస్తుందో, ఎందుకు నిలవదో రెండూ ఈ నాలుగు అంకెల్లో ఉన్నాయి.

ఇంతకీ ఈ ఇసుక బడి ఇంగ్లండు దాకా ఎలా వెళ్ళిందో కూడా చెప్పాలి. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరి మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునేవాడు. దగ్గర్లో వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బళ్ళో పెట్టమన్నాడు. అక్కడి మాస్టార్లు కుదరదన్నారు. దాంతో జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడికి చిన్నపిల్లల అక్షరాల తరగతి అప్పజెప్పాడు. అద్భుతంగా నడిచింది. 1797లో బెల్ ఈ అనుభవాన్ని లండన్‌లో పుస్తకంగా వేశాడు, దానికి మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది. అదే దారిలో లాంకాస్టర్ అనే ఇంకొకాయన ఒక్క మాస్టారుతో వెయ్యిమందికి చదువు చెప్పొచ్చన్నాడు. మా భాషలో చెప్పాలంటే వీళ్ళకి కనిపించింది స్కేలబిలిటీ. ఖర్చు తక్కువ, అదీ సంగతి. బీదపిల్లలకి రాతా లెక్కలూ కూడా అక్కర్లేదన్నవాడు బెల్. అలా అక్కడ పెద్ద పిల్లాడు పొద్దున నేర్చుకున్నది చిన్నవాళ్ళకి అప్పజెప్పే మరగా మిగిలాడు. 1846లో జీతమిచ్చి శిష్య ఉపాధ్యాయుల్ని పెట్టుకునే పద్ధతి వచ్చాక ఇది మూలపడింది. అన్నట్టు, బెల్ డబ్బుతో స్కాట్లండులో పెట్టిన మద్రాస్ కాలేజ్ అనే బడి ఇప్పటికీ ఉంది, మద్రాసు పేరే చెన్నై అయింది.

ఇప్పుడు రెండో సగం. అదే బళ్ళారి బడుల్లో పద్యాలు వల్లె వేయించేవారు. ఆ భాష పిల్లలు ఇంట్లో మాట్లాడేది కాదు, కావ్యభాష. ఎన్ని పద్యాలైనా గడగడా అప్పజెప్పే పిల్లాడికి వాటి అర్థం చిలక్కి తెలిసినంతే తెలుసని కాంప్‌బెల్ వాపోయాడు. చెప్పగల పంతుళ్ళే తక్కువట. తెలుగు వ్యాకరణం రాసినవాడు అంటున్నాడు కాబట్టి తెల్లవాడి కళ్ళజోడు అని కొట్టిపారేయడానికి లేదు. నా ఉద్దేశంలో తేడా ఎక్కడుందంటే, లెక్కలో పక్కవాడు తప్పు పట్టగలడు. రెండు రెళ్ళు ఐదంటే ఇసుకలో కనిపిస్తుంది. పద్యంలో మాట పోతే పట్టుకుంటారు గానీ అర్థం పోతే పట్టుకునేవాడు లేడు, ఎందుకంటే అది ఎవరి దగ్గరా లేదు.

మనవాళ్ళు ఈ రెంటిలో ఏది ఉంచుకున్నారో చూడండి. నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో స్టడీ అవర్స్‌లో పక్కవాడితో మాట్లాడితే నేరం. పుస్తకం తెరిచి, పెదాలు కదుపుతూ, నిశ్శబ్దంగా కూర్చోవాలి. పైగా ప్రతి పరీక్షకీ ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు మార్చేవాళ్ళు. అంటే చెప్పగలిగినవాడు ఒక గదిలో, చెప్పించుకోవాల్సినవాడు ఇంకో గదిలో. వీధిబడి పంతులు కూడా స్థాయిని బట్టే విడగొట్టాడు గానీ, పైవాడిని కిందివాడి దగ్గర కూర్చోబెట్టాడు. మాకు రొటేషనల్ డైనమిక్స్ అర్థమైంది లైట్లు ఆపేశాక మెట్ల మీద, ఒకడు చెబుతుంటే ముగ్గురం వాడితో దెబ్బలాడుతూ ఉన్నప్పుడే. బోరు కొట్టిన గుర్తు కూడా లేదు.

దీనికి తల్లిదండ్రులు చెప్పే అభ్యంతరం ఒకటే: మావాడు తెలివైనవాడు, వాడి టైము పక్కవాళ్ళకి చెప్పడంలో పోతోంది. వాళ్ళకి ఆ 61 శాతం చూపిస్తే చాలు. ముగ్గురో నలుగురో పిల్లలు, ఒకే పాఠం. పుస్తకం మూసి ఒకరు చెప్పాలి, మిగతావాళ్ళు "ఎందుకు" అని అడగాలి, ఆగిపోయిన చోట మాత్రం పుస్తకం తెరవాలి. వారం తర్వాత అదే పాఠం ఇంకొకరు చెప్పాలి. ఎప్పుడూ ఒకడే చెబితే మళ్ళీ బెల్ గారి మరే అవుతుంది. మా అక్కకూతురు ఏడో తరగతి, వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి ఆదివారాలు ఇలాగే చదువుతోంది. మొన్న భిన్నాల భాగహారంలో ఎందుకు తిరగేసి గుణిస్తారని చిన్నవాడు అడిగితే నలుగురికీ రాలేదు. అరగంట కొట్టుకుని, కేకుని ముక్కలుగా కోసిన బొమ్మ వేసుకుని, వాళ్ళే తేల్చుకున్నారు. నాకు ఫోన్ చేసింది డౌటు అడగడానికి కాదు, నాకు తెలుసో లేదో చూడ్డానికి.