మన వంశవృక్షంలో తల్లిగారిల్లు ఏది?



ఈసారి కాస్త పొడుగ్గానే రాస్తున్నాం, ఓపికతో చదవండి. చదివాక ఇంట్లో అమ్మకు, మేనత్తకు కూడా చూపించండి. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

మొన్న సంఘం తరఫున కొన్ని కుటుంబాలం కలిసి మాహూర్ వెళ్లొచ్చాం. ఇప్పుడది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా అయినా మనకు పరాయి ఊరు కాదు. 1956 దాకా ఆ ప్రాంతం మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. దగ్గరలోని కిన్వట్ తాలూకా అప్పట్లో ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మగ్గాన్ని నమ్ముకుని నాందేడ్, షోలాపూర్, భీవండి వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లలోనూ, ఇటు తెలంగాణలోనూ ఎన్నో ఇళ్లకు మాహూర్ రేణుకమ్మ ఇలవేల్పు.

దర్శనం అయింది. దంచిన తాంబూలం ప్రసాదం తీసుకున్నాం. సాయంత్రం సత్రంలో కూర్చుని సంఘం తయారు చేస్తున్న వంశవృక్షం పుస్తకం తెరిచాం. గోత్రం, ఇంటిపేరు, ముత్తాత, తాత, తండ్రి, కొడుకులు ఒక్కొక్కటే చదువుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది: "ఇండ్ల మా తల్లిగారోళ్లు ఏరి?"

పెళ్లయి వేరే గోత్రంలోకి వచ్చింది కాబట్టి ఈ పేజీలో ఆమె పుట్టిల్లు లేదని చెప్పాం. ఆమె కాసేపు ఊరుకుని అన్నది: "మా నాయన రక్తం పడి పోయిండు. ఎనక ఇద్దరు అన్నలు గట్లనే పోయిండ్రు. ఒక్కరు నలభై అయిదు దాటలే. మూలశంక అన్నరు, అమ్మోరి కోపమన్నరు. ఇప్పుడు నా కొడుక్కు రక్తం పడుతున్నది. మొలలకు మందు తింటున్నడు."

ఆ రాత్రి మాకెవరికీ సరిగా నిద్ర పట్టలేదు. ఆ తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగి, దొరికినంత చదివి తెలుసుకున్న చరిత్ర ఇది.

కొన్ని కుటుంబాల్లో పెద్దపేగు లోపలి గోడకు చిన్నతనంలోనే పులిపిర్లలాంటి బుడిపెలు మొలుస్తాయి. వాటిని పాలిప్స్ అంటారు. ఒకటీ రెండూ కాదు, వందలు, ఒక్కోసారి వేలు. అలాగే వదిలేస్తే దాదాపు అందరికీ, సగటున 40 ఏళ్ల ప్రాంతంలో, క్యాన్సర్ అవుతుంది. ఇది వంశంలో నడిచే జబ్బని నిలబెట్టింది మొదట పెద్ద యంత్రాలు కాదు, వంశవృక్షాలే.

లండన్‌లో సెయింట్ మార్క్స్ ఆసుపత్రి ఉంది. 1924లో అక్కడ ఈ కుటుంబాల కోసం ఒక రిజిస్టరు మొదలైంది. లాక్‌హార్ట్ మమరీ అనే సర్జన్ 1925లో ఇలాంటి మూడు కుటుంబాల గురించి ప్రచురించాడు. కత్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు, ఆయన దగ్గర ల్యాబ్ సహాయకుడిగా చేరిన బస్సీ ఆ రిజిస్టరును దశాబ్దాల పాటు నడిపారు. ఎవరి బిడ్డ ఎవరు, ఎవరు ఏ వయసులో పోయారు, ఏ రోగంతో పోయారు అన్నీ రాసుకున్నారు. బస్సీ ఆ పని మీద 1975లో ఒక పుస్తకమే తెచ్చాడు. మనకు కూనపులివారు ఎలాగో ఆ కుటుంబాలకు ఆయన అలాగ.

అంతకు ముందే, 1895లో, అమెరికాలోని మిషిగన్‌లో ఒక కుట్టుపని చేసే ఆవిడ వార్తిన్ అనే డాక్టరుతో తన ఇంట్లో అందరూ క్యాన్సర్‌తోనే పోతున్నారని, తానూ అలాగే పోతానని చెప్పింది. ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. ఆమె వంశాన్ని రాసుకుని 1913లో ప్రచురించాడు. ఆ దారి పట్టుకుని 1960లలో హెన్రీ లించ్ చేసిన పని వల్ల నేడు లించ్ సిండ్రోమ్ అంటున్నారు. ఇందులో బుడిపెలు తక్కువే గానీ క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఆడవాళ్లకు గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది.

చూడండి, మొదటి ఆనవాలు ఇచ్చింది ఒక ఇంటి ఆడమనిషే.

1991లో వందల బుడిపెల జబ్బుకు మూలమైన జన్యువు దొరికింది, దాని పేరు ఏపీసీ. తల్లికైనా తండ్రికైనా ఈ జన్యువులో లోపం ఉంటే ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, వచ్చే అవకాశం సగానికి సగం. లించ్‌ది కూడా ఇదే లెక్క. గోత్రం తండ్రి నుంచే రావచ్చు గానీ జబ్బు గోత్రం చూసి రాదు. మన పుస్తకంలో కూతుళ్ల దగ్గర గీత ఆగిపోతుంది, జన్యువు అక్కడ ఆగదు.

2002లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు మరో రకం కనిపెట్టారు. ఇందులో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే జబ్బు. తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు, పిల్లల్లో నలుగురిలో ఒకరికి వచ్చే అవకాశం ఉంటుంది. భారతీయ మూలాలున్న కుటుంబాల్లో కూడా ఇది బయటపడింది. మేనరికాలు చేసుకునే మనం ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఒకే తాత నుంచి ఒకే లోపం రెండు వైపులా వచ్చి కలిసే అవకాశం మేనరికంలో పెరుగుతుంది.

ఇది ఏ ఒక్క కులాన్నో తక్కువ చేసే మాట కాదు. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన తంగరాజ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2017లో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే ఎక్కువగా విస్తరించాయని తేల్చారు. కులంలోనే సంబంధాలు చేసుకునే అందరి కథా దాదాపు ఇదే.

అలాగని భయపడే పని లేదు. పెద్దపేగు క్యాన్సర్లలో ఈ వందల బుడిపెల జబ్బు వాటా నూటికి ఒకటి మించదు. ఉన్నా ముందే తెలిస్తే ప్రాణం దక్కుతుంది. ఏపీసీ లోపం ఉన్న ఇంట్లో పిల్లలకు పది, పన్నెండేళ్ల నుంచే పరీక్షలు మొదలుపెడతారు. లించ్ ఉంటే సాధారణంగా 20, 25 ఏళ్ల నుంచి ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేస్తారు. బుడిపెలు తీసేస్తారు, అవసరమైతే పెద్దపేగునే తొలగిస్తారు. రక్తం పడుతుంటే మాత్రం మొలలని మనకు మనమే తేల్చుకోవద్దు.

మనవాళ్లు ఇవి ఎందుకు దాస్తారో మాకూ తెలుసు. ఆడపిల్ల సంబంధం చెడిపోతుందని. అందుకే జబ్బుల వివరాలు సంఘం పుస్తకంలో రాయమని మేము అడగం. ప్రతి ఇల్లూ తన సొంత నోటుబుక్కులో రాసుకోవాలి. అమ్మ వైపు, నాన్న వైపు రెండూ, ఎవరు ఏ వయసులో ఏ రోగంతో పోయారో రాసి డాక్టరుకు చూపించాలి. సంఘం పుస్తకంలో మాత్రం ఇకనుంచి కోడళ్ల పుట్టిళ్లు, కూతుళ్ల పిల్లలు కూడా ఉంటారని తీర్మానించాం.

ఆ పెద్దమ్మ కొడుకు కొలనోస్కోపీ చేయించుకున్నాడు. ఏం తేలిందో వాళ్లింటి విషయం, ఇక్కడ రాయం. వెళ్లాడన్నదే మాకు చాలు.

మాహూర్‌లో మనం మొక్కేది తల్లి ముఖానికి. ఇంటికొచ్చి తల్లి పేరు లేని వంశవృక్షం రాసుకుంటే ఎలా?

జై మార్కండేయ.