విద్యార్థి క్షేమం, చదువులో ఫలితాలు

విద్యార్థి క్షేమానికీ చదువులో ఫలితాలకూ ఉన్న సంబంధం రెండువైపులా పనిచేస్తుంది. ఒంట్లో, మనసులో బాగుంటే చదివింది నిలుస్తుంది. మార్కులు తగ్గితే ఆ దిగులు నిద్రనూ తిండినీ చెడగొట్టి మళ్లీ మార్కుల మీదే పడుతుంది. విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరి ద్వారకా నగర్‌లో ఈ రెండూ చూడవచ్చు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, పౌర గ్రంథాలయం ఉన్న ఈ పేటకు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉద్యోగ, ప్రవేశ పరీక్షల అభ్యర్థులు వస్తారు.

ఈ సంబంధం వెనకున్న కారణాల్లో అందరూ తేలిగ్గా తీసుకునేది నిద్ర. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంగా కుదురుకునేది ప్రధానంగా నిద్రలోనే. 13–18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్ నడిపే హాస్టళ్లలో అది కుదిరే పని కాదు. తిండి సంగతీ అంతే, ఆకలితో చదువు సాగదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో డొక్కా సీతమ్మ పేరిట ఉన్న మధ్యాహ్న భోజన పథకాన్ని ప్రభుత్వ జూనియర్ కాలేజీలకూ విస్తరించింది.

పోటీ ప్రభావం అంత సూటిగా ఉండదు. కొంత ఒత్తిడి పనికొస్తుంది, మితిమీరితే చెడగొడుతుంది. మనస్తత్వ పరిశోధకులు యెర్క్స్, డాడ్సన్ 1908లో ఎలుకలపై చేసిన ప్రయోగాల నుంచి ఈ ఆలోచన మొదలైంది. విద్యా మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ పరిశోధనలు ఇంకో సంగతి చూపాయి: సమాన సామర్థ్యం ఉన్న ఇద్దరిలో, మేటి విద్యార్థుల మధ్య చదివేవారికి తమ చదువుపై నమ్మకం తక్కువగా ఉంటుంది. టాప్ బ్యాచ్‌లో చేరడమే గెలుపనుకునే తల్లిదండ్రులకు ఇది కొత్తగా తోచవచ్చు. కింది బ్యాచ్‌కు దించడం మరో రకం దెబ్బ. దాన్ని నలుగురికీ తెలిసేలా చేస్తారు.

2023లో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై ఆమె తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరిముందు అవమానించడం మానాలంది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. టెలీ మానస్ వంటి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ల నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనబడాలంది. టెలీ మానస్ నంబరు 14416. కేంద్రం 2024 జనవరిలోనే కోచింగ్ తరగతులు రోజుకు 5 గంటలు దాటరాదని, వారానికో సెలవు ఇవ్వాలని సూచించింది.

క్షేమం కోసం వెచ్చించే సమయం చదువుకు నష్టమన్న వాదనకు ఆధారం తక్కువ. భావోద్వేగాలను, తోటివారితో మెలగడాన్ని నేర్పే 213 బడి కార్యక్రమాల ఫలితాలను 2011లో డర్లాక్ బృందం కలిపి పరిశీలించింది. వాటిలో పాల్గొన్నవారు పాల్గొననివారి కన్నా చదువులో సగటున 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారు.